నాలుగు చక్రాలకూ ఒకే సైజు

వనపర్తి,
ఆగస్టు 4

ప్రియమైన చరణ్‌కు, నాయిన రాసేది.

జైలులో అన్నం సరిగా తింటున్నావా? బెయిలు వద్దన్నావని వకీలు చెప్పాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. నువ్వు నడిపిన మీ సేటు స్పోర్ట్స్ కారుకు ముందు టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు, వెనుక టైరు 255 ఉండాలట. వెనుక వెడల్పు తగ్గితే వానలో బండి జారుతుందట. నువ్వు మన పంచరు దుకాణానికి తెచ్చినప్పుడు నేను ముందు చక్రం మీద 225 చదివి, నాలుగూ అవే తెప్పించి బిగించాను. వెనుక విప్పినవి వెడల్పుగా ఉంటే, ఎవరో షోకుకు వేసుకున్నారనుకున్నాను. ట్రాక్టరుకు ముందొకటి, వెనుకొకటి అని నాకు తెలియదా? కారుకు మాత్రం నాలుగూ ఒకటే అనుకున్నాను.

నీ పక్క సీట్లో ఉన్న మన సాయమ్మ కొడుకు ప్రశాంత్ ఆ యాక్సిడెంటులో నా టైర్ల వల్ల పోయాడా? నిజం రాయి.

నీ నాయిన,
కిష్టయ్య


జైలు నుంచి,
ఆగస్టు 13

ప్రియమైన నాయినకు,

బండికి ఉన్నవి నీ టైర్లు కావు. నువ్వు బిగించిన మరునాడే హైదరాబాదులో తీయించి, వెనుక 255 వేయించాను. నీవి సేటు షెడ్డులో ఉన్నాయి. అచ్చంపేట దాటాక మలుపులో నేను వేగంగా పోయాను. తప్పు నాది. వకీలుకు ఇదే చెప్పు. బండి చూడడానికి పోలీసు స్టేషనుకు పోవద్దు.

బీపీ గోలీలు మానకు.

నీ చరణ్


వనపర్తి,
ఆగస్టు 29

చరణ్ బిడ్డకు,

పోవద్దన్నావు కాబట్టే పోయాను. బండి స్టేషను వెనుక రేకుల కింద ఉంది. బోల్టులు బిగించాక నేను పెట్టే తెల్ల పెయింటు చుక్క నాలుగు చక్రాల మీదా ఉంది. నాలుగూ 225.

సాయమ్మ ఇంటికి పోయి చెప్పాను. ఆమె "కిష్టన్నా, నా కొడుకును నువ్వు సంపుతవా? నీ దుకాణంల చాయ్ తాగి పెరిగిండు గద" అన్నది. తిట్టి ఉంటే బాగుండేది.

"జర ఒక్క పంచరు ఏయన్నా" అని నాగన్న ఆటో తెచ్చాడు. షట్టరు దించేశాను. వచ్చే వాయిదాకు జడ్జి ముందు అంతా చెప్తాను. నువ్వు బయటికి రా.

నాయిన


జైలు నుంచి,
సెప్టెంబరు 5

నాయినా,

ఏమీ చెప్పకు. ముందు ఇది చదువు.

డ్రైవరు తలుపు లోపలి అంచున ఒక స్టిక్కరు ఉంటుంది. ముందు 225, వెనుక 255 అని దాని మీదే ఉంది. నువ్వు ఆఖరు చక్రం బిగిస్తుండగా నేను చదివాను. అప్పటికే జనం చేరారు. "వనపర్తిల గిసుంటి బండికి టైర్లేసినోడు ఎవడన్న ఉన్నడా? నా కొడుకు తెచ్చిండు" అంటున్నావు. "గాలి గూడ బంగారందే కొడ్తవా కిష్టన్నా?" అని నాగన్న ఎగతాళి చేస్తున్నాడు. నువ్వు నవ్వావు. అమ్మ పోయాక నువ్వు అలా నవ్వగా నేను చూడలేదు.

"నాయినా" అని పిలిచాను.

"ఏందిరా?" అన్నావు.

"ఏం లే. చాయ్ తాగుతవా?" అన్నాను.

ప్రశాంతే పోయి నాలుగు చాయ్‌లు తెచ్చాడు. తాగి, వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు. హైదరాబాదు పోయాక మార్పిద్దాంలే అనుకుని బండి తీశాను. మార్పించలేదు. నువ్వు బిగించినవి తీసేయడానికి మనసు రాలేదు. తర్వాతి వారం అచ్చంపేట మలుపులో, వానలో వెనుక చక్రాలు జారినప్పుడూ ప్రశాంత్ ఆ సీట్లోనే ఉన్నాడు.

వకీలుకు ఇదంతా రాసిచ్చాను. సాయత్తకు కూడా నేనే రాయాలి. మూడు కాగితాలు చింపాను.

షట్టరు ఎత్తు నాయినా. నాగన్న పంచరు వేయి.

చరణ్