కొలతల పుస్తకంలో గీత పడని మాట

బుజ్జి వాళ్ళ నాన్నకి,

మీ ఉత్తరం మంగళవారం అందింది. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. ముగ్గురం అని రాయబోయి ఆగి, ఇద్దరం అని రాశాను. అలవాటు తప్పాలంటే ఇంకో నాలుగు ఉత్తరాలు పడతాయి కాబోలు. మీరు వేళకి తింటున్నారనీ, ఓడ ఇంజను గదిలో ఆ వేడికి ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నారనీ తలుస్తాను.

మీరడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. బుజ్జికి పై పన్ను ఊడింది. మా పళ్ళ క్లినిక్కులో డాక్టరమ్మ చేత తీయిద్దామంటే వినలేదు. రెండు రోజులు నాలుకతో ఆడించి ఆడించి తానే ఊడగొట్టుకుంది. మొండితనం ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు. వంటింటి కుళాయి బాగుచేయించాను. మామయ్య కుట్టుమిషను అమ్మలేదు, అమ్మే ఉద్దేశం కూడా లేదు. కిటికీ దగ్గర ఉన్నచోటే ఉంది. ఎదురింటి టీచరమ్మ తన బట్ట ఒకటి కుట్టకుండా ఉండిపోయిందని అడగడానికి వచ్చి, అడగలేక మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

ఏడ్చావా అని అడిగారు. లేదు. పళ్ళకి మత్తుసూది వేశాక బుగ్గ ఉంటుందే, ఒళ్ళంతా అలా ఉంది. తాకితే తెలుస్తుంది, నొప్పి మాత్రం తెలియదు. పనికి వెళ్తున్నాను, వండుతున్నాను, బుజ్జికి జడలు వేస్తున్నాను. అందరూ ధైర్యమైన మనిషినని మెచ్చుకుంటున్నారు. నేను వాళ్ళని సరిదిద్దడం లేదు.

మీ ఆఖరి ప్రశ్నకి జవాబు కింద రాస్తాను. అది రాయాలంటే ముందు సీరియల్ సంగతి చెప్పాలి.

మూడింటికి ఆ ఇంగ్లీషు ఆసుపత్రి సీరియల్ ఇప్పటికీ వస్తోంది. పోయినసారి సెలవుకి వచ్చినప్పుడు మామయ్యా నేనూ దాని ముందు బడిపిల్లల్లా కూర్చోవడం చూసి మీరు నవ్వారు. ఇంగ్లీషు వస్తే కౌంటర్లో కూర్చోబెడతానని డాక్టరమ్మ అన్నప్పుడు, క్లాసులకి వెళ్ళే వీలు లేక నేను వదిలేసుకున్నాను. మామయ్యే వదల్లేదు. అరవై ఏళ్ళు దాటిన దర్జీ, కోడలికి ఇంగ్లీషు నేర్పిస్తానని టీవీ ముందు నడుం బిగించారు. కొత్త మాట చెవిన పడగానే కొలతల పుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాసుకునేవారు. ప్రకటనలు వచ్చినప్పుడు ఇద్దరం డిక్షనరీ మీద పడేవాళ్ళం. మధ్యలో ఆ డాక్టరు కోటు మీద విమర్శ ఒకటి. "మనిషి మంచోడేగానీ, ఆ భుజాలు ఎవడు కుట్టాడో వాడి కళ్ళు డాక్టరుకి చూపించాలి," అనేవారు.

ఆ పుస్తకంలో ఆయన పద్ధతి మీకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. పేరు, కొలతలు, అడుగున గమనిక. జేబు వద్దనో, మెడ వదులుగా ఉండాలనో. బట్ట మనిషి చేతికి అందాక పేజీ మీద అడ్డంగా ఒక గీత. మాటలకీ అదే పద్ధతి పెట్టారు. నేను ఒక మాటని క్లినిక్కులో ఎవరితోనైనా వాడి, ఇంటికొచ్చి చెబితే అప్పుడు దాని మీద గీత పడేది. "ఇది డెలివరీ అయింది," అని పెన్సిలు చెవి మీద పెట్టుకునేవారు. అపాయింట్‌మెంట్ మొదటిరోజే డెలివరీ అయింది.

ఇక మీ ప్రశ్న. నాన్నకి జబ్బు ఇంత ముదిరిందని డాక్టర్లు మీకు ముందే చెప్పలేదా అని అడిగారు.

చెప్పారు. ఆయన పోవడానికి నలభై రోజుల ముందే చెప్పారు.

పెద్దాసుపత్రి మూడో అంతస్తులో, ఇంగ్లీషు తప్ప రాని డాక్టరు. సీరియల్లో అయితే ఇలాంటి మాట చెప్పేముందు డాక్టరు కళ్ళజోడు తీస్తాడు. ఈయన తీయలేదు. కంప్యూటర్ వైపు చూస్తూనే ఇక పాలియేటివ్ కేర్ ఒక్కటే దారి అన్నాడు. అది మాకు వచ్చిన మాటే. సీరియల్లో ముసలి ప్రొఫెసరు మంచం దగ్గర విన్నాం. నయం చేయడానికి కాదు, నొప్పి తెలియకుండా చూడటానికి చేసే వైద్యం. ఒక్క ముక్క కూడా తప్పిపోకుండా నాకు అర్థమైంది. అర్థమయ్యాక నేనేం చేశానో తెలుసా? ప్రొఫెసరు కూతురు అన్నట్టే నవ్వుముఖం పెట్టి, "థాంక్యూ డాక్టర్, ఫర్ ఎవ్రీథింగ్," అన్నాను. నా ఇంగ్లీషు బాగుందని ఆయన మెచ్చుకున్నాడు కూడా.

మామయ్య పక్కనే ఉన్నారు. "ఏమంటున్నాడమ్మా?" అని అడిగారు.

"బలానికి మందులు రాశాడు మామయ్యా. కాస్త టైం పడుతుందంట."

"సరే పద, బస్సు పోతుంది," అన్నారు. దారంతా కండక్టరు చొక్కా కాలరు గురించే మాట్లాడారు.

ఆ వారమే మీ ఓడ రేవులో ఉంది, మీరు ఫోన్ చేశారు. సెలవు పెట్టి దిగిపోనా అని మీ అంతట మీరే అడిగారు. వద్దన్నాను, నీరసం తప్ప ఏమీ లేదన్నాను. మీరు దిగి ఉంటే ఆయనతో నెల రోజులు గడిపేవారు. ఆ నెల మీకు లేకుండా చేసింది నేను. ఇంగ్లీషులో విన్నంతసేపూ అది సీరియల్లో ఎవరికో జరుగుతున్నట్టు ఉంది. తెలుగులో నా నోటితో చెబితే ఇంట్లోకి వచ్చేస్తుందనిపించింది. ఇది సాకని నాకు తెలుసు. మీరేమన్నా పడతాను. ఆయన నొప్పి లేకుండానే పోయారు, అది మాత్రం నిజం.

ఇది కూడా ఇప్పుడు రాసేదాన్ని కాదేమో. మొన్న ఆదివారం టీచరమ్మ బట్ట తిరిగి ఇచ్చేద్దామని, వేరే దర్జీకి పనికొస్తాయని ఆవిడ కొలతల కోసం పుస్తకం తెరిచాను. మాటల పేజీలు వచ్చాయి. దాదాపు అన్నింటి మీదా గీతలే. ఒక పేజీ మీద లేదు. పైన సీరియల్ రోజుల్లో రాసిన మాట, పక్కన అర్థం. "పాలియేటివ్. నయం కాదు, నొప్పి ఉండదు." అడుగున గమనిక దగ్గర, ఆసుపత్రికి వెళ్ళిన రోజు తేదీ వేసి, ఇలా ఉంది:

"డాక్టరు ఇదే మాట అన్నాడు. అమ్మాయికి తెలియలేదు, నవ్వుతూ థాంక్యూ చెప్పింది. చెప్పొద్దు. అబ్బాయి దిగాక వాడికి చెప్పాలి."

మళ్ళీ మళ్ళీ చదివాను. అప్పుడు కూడా ఏడుపు రాలేదు. లేచి స్టవ్ మీద పాలు దించాను. నాకు తెలియదనుకుని ఆయన, ఆయనకి తెలియదనుకుని నేను, నలభై రోజులు ఒకే సోఫాలో కూర్చుని ఆ సీరియల్ చూశాం. మీరు వస్తారని ఆయన ఎదురుచూశారు. మిమ్మల్ని రావద్దన్నానని నేను ఆయనకి చెప్పలేదు.

ఇప్పుడు ఆ మాట మీకు అందుతోంది కాబట్టి, ఆయన పెన్సిలు తీసి దాని మీద అడ్డంగా గీత గీశాను. పేజీని కుట్టు దగ్గర జాగ్రత్తగా కత్తిరించి ఈ ఉత్తరంతో పెడుతున్నాను. ఆయన దాన్ని రాసుకున్నది మీకోసం.

ఇట్లు,
మీ నాన్నగారి కోడలు