సున్నం తాకిన పసుపు

లచ్చమ్మా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. సూర్యాపేటలో మన కిరాయి ఇల్లు ఇవాళ ఖాళీ చేశాను. కొత్తవాళ్లు దిగేలోగా తానాల గది శుభ్రం చేసి పొమ్మంది ఇల్లుగలామె. పొద్దున్నే కూర్చుని, చింతపండు, ఇటుకపొడి వేసి కొబ్బరిపీచుతో బండల సందులన్నీ రుద్దాను. నలుపు వదిలింది. నువ్వు కూర్చునే చోట పసుపు మాత్రం వదల్లేదు. కప్పేద్దామని దాని మీద తడిసున్నం పూశాను. చూస్తుండగానే తెల్ల సున్నం ఎర్రబడింది. వేలు తెగిందేమోనని చెయ్యి తిప్పి చూసుకున్నాను.

ఇల్లుగలామె నవ్వింది. "గింత తెల్వదా నాయనా? పసుపుకు సున్నం తాకితే ఎర్రగైతది. నీ పెండ్లాం ఎర్రనీళ్లు గిట్లనే కలిపేటిది."

గడబిడల రోజుల్లో నేను మిర్యాలగూడ నుంచి ప్రాణాలతో తిరిగొచ్చిన సాయంత్రం, నన్ను గడప బయటే ఆపి నువ్వు దిగదుడిచిన నీళ్లు అవే. ఎట్లా కలుపుతావో ఏనాడూ అడగలేదు.

"ఇంకో పూత పెట్టు, కానరాదు" అందామె.

పెట్టలేదు. తాళంచెవి ఆమె చేతికిచ్చి, వేళ్లకంటిన ఎరుపు కడుక్కోకుండానే గడప దాటాను.