ప్రొపనోన్‌కు తప్పు పేరు

ఆర్.ఎస్. పురం,
మంగళవారం

నా కడుపున పుట్టిన మొండికట్టె పళనిసామికి,

నేను రెండు మాటలనేలోపే ఫోన్ పెట్టేస్తున్నావు. కాగితాన్ని పెట్టేయలేవు, చదువు.

నీ కూతురు అభిరామి ఆస్పత్రిలో ఉంది. నిన్న రాత్రే కళ్లు తెరిచింది. పీలమేడు హాస్టల్లో తూలి పడితే, నోట వాసనొస్తోందని వార్డెన్ నిన్ను చిన్నమనూరు నుంచి పిలిపించింది. నువ్వొచ్చి అందరి ముందు చెంప పగలగొట్టి, "తాగుబోతుదానికి చదువేంటికి?" అని నా గుమ్మంలో దింపి వెళ్లిపోయావు. ఆ పిల్ల అన్నదొక్కటే. "నేను తాగలే అవ్వా. నాలుక ఎండిపోతా ఉంది, నీళ్లియ్యి." చెంబులకు చెంబులు తాగింది. దగ్గరికి వంగితే గోళ్లరంగు తుడిచే మందు వాసన. ఆటో పిలిచాను. రక్తంలో చక్కెర నాలుగువందల ఎనభై.

ముప్పైమూడేళ్లు రసాయనశాస్త్రం చెప్పినదాని కొడుకువి, ఇంకోసారి పాఠం విను. మూడు కార్బన్ల గొలుసు. నడిమి కార్బన్‌కు ఆక్సిజన్ ద్విబంధంతో అంటుకుంటే పేరు చివర 'ఓన్', అంటే ప్రొపనోన్. అంగట్లో అసిటోన్ అంటారు. అక్కడే ఓహెచ్ ఉంటే చివర 'ఓల్', అది ఆల్కహాల్ జాతి. ఇన్సులిన్ లేని ఒళ్లు చక్కెరను వాడుకోలేక కొవ్వును కరిగించుకుంటే పుట్టేవి ఈ 'ఓన్' జాతి కీటోన్లు, నీ కూతురి నోట వాసన వాటిదే. కీటోన్‌కు దగ్గరి చుట్టం ఆల్డిహైడ్ నయం, పరీక్షనాళికలో వెండి అద్దం కట్టి తానెవరో చెప్పేస్తుంది. కీటోన్ చెప్పదు, దానికి వేరే పరీక్ష చేయాలి. నువ్వు చేసిన పరీక్ష చెంపదెబ్బ. అది ఏ సిలబస్‌లోనూ లేదు.

అభిరామి ఇక నా దగ్గరే ఉండి చదువుతుంది. నువ్వు ఆస్పత్రి మెట్లెక్కవద్దు.

ఇంకా నీ తల్లినే అయిన,
మీనాంబాళ్

గురువారం

పళనీ, కన్నా,

మంగళవారం రాసింది పంపలేదు. దీంతోపాటే ఒకే కవర్లో పెడుతున్నాను. చించేయలేదు, ప్రతి మాటా నీకు తగినదే. నాకూ తగినదే.

ఈ ఉదయం డాక్టరమ్మ అరవంలో అడిగింది, "ఇంట్లో ఎవరికైనా సర్కరై జబ్బు ఉందా పాట్టీ?" ఎవరికీ లేదన్నాను. ముప్పైయేళ్లుగా చెప్పి చెప్పి నున్నబడ్డ అబద్ధం, తడుముకోకుండా వచ్చింది.

మీ నాయన పోయింది గుండెపోటుతో కాదు. నీకప్పుడు పదేళ్లు. ఒక మధ్యాహ్నం ఆయన మిల్లు నుంచి తూలుతూ వచ్చారు. నోట ఇదే వాసన. ఆ పొద్దునే ప్లస్‌టూ పిల్లలకు కీటోన్లు చెప్పి వచ్చినదాన్ని, తాగారనుకున్నాను. "మీనా, నీళ్లు" అంటే "ఇంతసేపు తాగిన చోటే అడగండి" అన్నాను. తిన్నెమీద వదిలేసి తలుపు వేసుకున్నాను. ఆస్పత్రికి చేర్చేసరికి చెయ్యి దాటిపోయింది, చక్కెర జబ్బన్నారు. నా చదువు నవ్వులపాలవుతుందని లోకానికి గుండె అని చెప్పాను. నిజం చెప్పి ఉంటే నువ్వూ నీ కూతురూ ఏటా రక్తం చూపించుకునేవాళ్లు.

డాక్టరమ్మను వెనక్కి పిలిచి అంతా చెప్పేశాను. అభిరామి వింటూనే ఉంది. గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత, "నాయనను రమ్మను. ఆయనకూ టెస్ట్ చెయ్యాల" అంది. నన్ను అవ్వా అని పిలవలేదు.

ఇది అందిన మర్నాడే తెల్లవారుజాము బస్సెక్కు. పరగడుపున రా. ఆమెను నువ్వు క్షమాపణ అడగాలి, మీ ఇద్దరినీ నేను అడగాలి. నా మీద కేకలు వేయాలనుంటే, రక్తం ఇచ్చాక వేయి.

అమ్మ