తూర్పు గూడు

మల్పె, మంగళవారం

రత్నకు, నీ తమ్ముడు ఓబులేశుకు చెయ్యి కాలింది. భయపడవద్దు, రెండు వారాల్లో మానుతుందని డాక్టరు చెప్పాడు. ఫోనులో చెప్పడానికి నోరు రాక కార్డు రాస్తున్నాను.

తప్పు నాది. మేము పనిచేసే తెరచాప పడవలో గది మన వంటింట్లో సగం ఉంటుంది. అందులో సామాను సర్దే పని పడవ యజమాని సారు నాకు అప్పగించారు. బరువు డబ్బాలు అడుగున పెట్టాను. మందులు తూర్పు గూట్లో, టీపొడి, చక్కెర పడమటి గూట్లో ఉన్నాయని వల్లూరులో ఇంట్లో చెప్పుకున్నట్టే ఓబులేశుకు చెప్పాను. ఇల్లు కదలదు, పడవ తిరుగుతుందని తోచలేదు. నిన్న సముద్రంలో వాడి కుడిచేతి మీద వేడినీళ్ళు ఒలికాయి. నేను పైన తాడు పట్టుకొని ఉన్నాను.

"మందు యాడుండాది బావా?"

"తూర్పు గూట్లో రా!"

"పడవ తిరిగిపోయింది గదప్పా, తూర్పు యాడుండాది ఇప్పుడు?"

వాడు తెరిచింది టీపొడి, చక్కెర ఉన్న గూడు. పడవ ఒరిగి ఉండటంతో డబ్బాలన్నీ కాలిన చేతి మీదే పడి బొబ్బలు చిట్లాయి. ఇప్పుడు గూళ్ళకు అంకెలు వేశాను. మొదటే వేయాల్సింది.

మీ అమ్మకు నువ్వే మెల్లగా చెప్పు. మన పాప శిల్పశ్రీకి దగ్గు తగ్గిందా? నువ్వు సోలార్ ప్యానెళ్ళు కడిగే పనికి పోయేటప్పుడు తలకు గుడ్డ కట్టుకో. తన పరధ్యానం వల్లే జరిగిందని రాయమన్నాడు ఓబులేశు. అలా రాయడం నాకు చేతకాలేదు. పాపకు నా ఆశీస్సులు. కింద వంకర అక్షరాలు వాడి ఎడమచేతివి.

హనుమంతరాయ

అక్కా, బాగుండాను. బావను తిట్టొద్దు.