మండీ తువ్వాళ్ళు

మండీ గుమాస్తా ఓబుళేశన్నకు రేగులపల్లె కృపమణి వందనాలు.

ప్రభువు దయవల్ల టమాటాలు బాగున్నాయి, ధరే బాగాలేదు. మీ మండీలో వ్యాపారులు చేతుల మీద తువ్వాల కప్పుకుని, దాని కింద వేళ్ళు పట్టుకుని గుట్టుగా ధర చెప్పుకుంటారు. ఆడదాని వేళ్ళు పట్టుకోవడం మర్యాద కాదని నన్ను దూరంగా నిలబెట్టి, మా మరిది ఏసేపు వేళ్ళు పట్టుకున్నారు. వాడొచ్చి, "ప్రపంచ మార్కెట్టు పడిపోయిండాదంట వదినా" అన్నాడు. పోయినేడు దుబాయిలో శానా గిరాకీ అన్నారే, అప్పుడు ధర పెంచలేదే, మీ తువ్వాలకు చెవుల్లేవా?

ఈ కోతకూ ఇదే ధరైతే చేను కౌలుకిచ్చి బెంగళూరుకు కూలికి పోవాల్సిందే. మా భుజం మీదా తువ్వాల ఉండుంటే మాకూ న్యాయం జరిగేది.

ఇట్లు,
కృపమణి

తా.క.: ఏసేపు వేళ్ళు ఇంకా నొస్తున్నాయి. అంత గట్టిగా పట్టుకున్నవాళ్ళు ధరైనా గట్టిగా ఇవ్వొద్దా?

---

శ్రీమతి కృపమణి గారికి, శ్రీ భైరవ మండీ తరఫున నమస్కారాలు.

మీ అర్జీ వ్యాపారులందరి ముందూ చదివాను. మహిళా రైతులకు తువ్వాళ్ళు లేకపోవడం ఘోరమైన అన్యాయమని ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. కొత్తవి కొందామంటే మాత్రం ఒక్కరి చెయ్యీ జేబులోకి పోలేదు. అందుకని ఎవరి భుజం మీది తువ్వాల వాళ్ళే తీసిచ్చారు. మూటగట్టి పంపుతున్నాను.

భవదీయుడు,
ఓబుళేశు

తా.క.: ఉతికించలేదు. సామాజిక న్యాయంలో సగం పని మీరూ చేయాలి.

---

ఓబుళేశన్నకు వందనాలు.

మేము అడిగింది ధరన్నా, తువ్వాళ్ళు కాదు. అయినా ఇచ్చినవి తిప్పి పంపితే బాగుండదని ఉంచుకున్నాం. సోమవారం మా పక్క చేను సుంకమ్మ, నేను సరుకుతో వస్తాం.

మీ చెల్లెలు,
కృపమణి

తా.క.: సబ్బులన్నీ అయిపోయాయి. మీ వ్యాపారులకు చెమట పడుతుందని ఇప్పుడే తెలిసింది.

---

అమ్మా కృపమణీ, కొంప మునిగింది!

ఆ తువ్వాళ్ళు వెంటనే పంపించండి. సోమవారం వ్యాపారులంతా బోసి భుజాలతో నిలబడ్డారు. ఒకాయన చొక్కా కింద చెయ్యి పెట్టి బేరమాడబోతే అవతలాయన కితకితలకు ఎగిరి గంపలో పడ్డాడు. చివరికి వ్యాపారి మారెన్న, "ఇంగ యాడ దాచేదప్పా! అరిచే చెప్తాండా" అని ధర బయటికి చెప్పేశాడు. అది విని పక్కాయన పెంచాడు. సుంకమ్మ చాలదంది. అట్లా మీ టమాటాలు పోయిన వారానికి రెట్టింపు ధరకు పోయాయి. ఒక్క పూటలో ప్రపంచ మార్కెట్టు ఎట్లా లేచిందని రైతులంతా నన్ను నిలదీస్తున్నారు.

మీ అన్న,
ఓబుళేశు

తా.క.: కొత్త తువ్వాలతో వచ్చినవాడికి మీవాళ్ళు గంప మీది గుడ్డ కూడా తీయడం లేదట. ఇది న్యాయమా?

---

ఓబుళేశన్నకు శానా సంతోషంగా రాసేది.

తువ్వాళ్ళు ఇక రావు. అన్నీ కలిపి కుట్టి, మండీలో మేము కూర్చునేచోట పందిరి కట్టాం. ఆ తువ్వాళ్ళ కిందే కూర్చుని, ఊరంతా వినేలా ధర అడుగుతున్నాం. గెలిచామన్నా! చేను నాదే, కోతా నాదే. బెంగళూరు బస్సు నేను లేకుండానే పోతుంది.

మీ చెల్లెలు,
కృపమణి

తా.క.: పందిరి కుట్టింది మీ ఇంటి కుట్టుమిషను మీదే. మీ ఇంటావిడ నాగలక్ష్మమ్మ వదిన నిన్న మీ చేని టమాటాలు కూడా తెచ్చి రెట్టింపు ధరకు అమ్ముకుంది. ఇన్నేళ్ళూ ప్రపంచ మార్కెట్టు మీ ఇంటిదాకా వచ్చేసరికే ఎందుకు పడిపోయేదో మిమ్మల్నే అడుగుతానంది. ముందు అన్నం తినేయండి.