రెండో పేరా

2026 మార్చి 3, ఉదయం 6.10

ఈ నోటుబుక్కు నీలిమది. తను రాసుకున్న పేజీలు చింపేసి మిగతాది నాకు ఇచ్చింది. నీలిమ నా మనవరాలు, నా కొడుకు సూర్యప్రకాష్ కూతురు. టెక్కలిలో డిగ్రీ చదివింది. బెంగుళూరులో ఒక లా కాలేజీ ఉందట. అందులో చేరడానికి పరీక్ష రాస్తుంది. ఆ పరీక్షలో ఇంగ్లీషులో ఒక ఎస్సే రాయాలి. దానికి ముప్ఫై అయిదు నిమిషాలు. నిరుడు ఎస్సే సగంలో ఉండగా టైమ్ అయిపోయింది. మిగతా అన్నిటిలో మార్కులు వచ్చాయి. దీని దగ్గరే సీటు పోయింది.

రోజూ పొద్దున్న ఒక ఎస్సే రాసి చెయ్యి అలవాటు చేసుకోవాలట. గడియారం చూడటానికి నన్ను కూర్చోబెట్టింది. నిన్న కూర్చున్నాను. ఎంతవరకు వచ్చిందని నాలుగుసార్లు అడిగాను. ఏటి తాతా, ఇలగ అడుగుతా ఉంటే నానేటి రాసీది, నువ్వూ ఏదో ఒకటి రాయి, నోరు ఊరుకుంటాది అంది.

అందుకని రాస్తున్నాను. మూడో తరగతి వరకు చదివాను. అక్షరాలు వచ్చు, చెయ్యి తిరగదు, అంతే. నలభై ఏళ్లు ఈ ఊళ్లో తగువులు తీర్చాను. కాగితం మీద వేరేవాళ్లు పెట్టేవారు. నేను చెప్పేవాణ్ణి.

టైమ్ అయింది. ఆమెది కాలేదు.

మార్చి 4

ఈ రోజూ కాలేదు.

మార్చి 7, ఉదయం

నా కోడలు హేమలత టీ తెచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు. ఏప్రిల్ 26న పరీక్ష, అది దాటితే ఇంక ఈ సదువుల మాట నా దగ్గర ఎత్తొద్దు అంది. కాశీబుగ్గలో తారకేశ్వరరావు జీడిపప్పు ఫ్యాక్టరీలో ఆఫీసు పని ఖాళీగా ఉంది. మే నెలలో చేరమని ఆయన కబురు పెట్టాడు. హేమలతను తప్పు పట్టను. ప్రకాష్ పోయినప్పటి నుంచి ఇల్లు ఆమె మీదే ఉంది.

నీలిమ తలెత్తకుండా రాస్తూనే ఉంది. టీ చల్లారిపోయింది.

మార్చి 9

కిడ్నీ పరీక్షల క్యాంపు వచ్చింది. రక్తం ఇచ్చాను. నాది నార్మల్ అట. నాకు డెబ్బై నాలుగు. ప్రకాష్ ఈ కిడ్నీ జబ్బుతోనే నలభై ఎనిమిదికి పోయాడు.

మార్చి 12, ఉదయం 6.05

ఎస్సే ఎలా ఉంటుందో ఈ రోజు అడిగి తెలుసుకున్నాను. రెండు దారులు ఇస్తారు. రెండూ సగం సగం మంచివే. ఒకటి పట్టుకోవాలి. మొదటి పేరాలో మన మాట చెప్పాలి. రెండో పేరాలో అవతలివాడి మాట చెప్పాలి, వాడే వచ్చి చెప్పినంత బాగా. తర్వాత దానికి జవాబు. ఆఖరున కన్‌క్లూజన్, అంటే తీర్పు.

నాకు నవ్వొచ్చింది. అవతలోడి మాట మనమెందుకు సెప్పాల, ఆడికి నోరు నేదా అన్నాను. పరీక్ష హాల్లో వాడు ఉండడు కదా తాతా అంది.

నీలిమ ఆగేది ఆ రెండో పేరా దగ్గరే. గమనించాను. మొదటిది గబగబా రాస్తుంది. తర్వాత రాసి కొట్టేస్తుంది, రాసి కొట్టేస్తుంది. గడియారం పోతూ ఉంటుంది. కాశీబుగ్గ కోచింగ్ సారు ఫోన్లో, పుస్తకంలో ఉదాహరణలు వదిలేయమ్మా, మీ ఊళ్లో జరిగింది ఒకటి పట్టుకుని రాసి చూడు, పెన్ను ఆగదు అన్నాడట.

అలాంటివి నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి.

మార్చి 18, ఉదయం

ఉన్నవాటిలో మంచిది ఇచ్చాను. గట్టు తగువు.

అప్పలరాజు భూమికీ, వాళ్ల వదిన అప్పలనరసమ్మ భూమికీ మధ్య ఒక గట్టు ఉండేది. దాని పొడుగునా కొబ్బరిచెట్లు. వాటిని చూసే హద్దు చెప్పేవారు. 2018లో తిత్లీ తుఫానుకి ఆ వరసంతా పడిపోయింది. వేళ్లతో పాటు గట్టు కూడా పెళ్లగించుకుపోయింది. కొత్త మొక్కలు వేయాలంటే హద్దు ఎక్కడ అని వచ్చారు. బడి వరండాలో కూర్చున్నాం. చెట్లన్నీ నేను వేసినవే, నా భూమిలోనివే, హద్దు వాటికి అవతల ఉండేది అని అప్పలరాజు చెప్పాడు. విన్నాను. అప్పలనరసమ్మ వైపు నాలుగు బారలు జరిపి తాడు వేయించాను. పది నిమిషాలు పట్టింది. ఎవరూ నోరెత్తలేదు. ఆ ఏడు అంత తొందరగా తేలిన తగువు ఇంకొకటి లేదు.

నీలిమకు నచ్చింది. మొదటి పేరా ఆగకుండా రాసింది. తర్వాత తలెత్తి, మరి ఆవిడేటన్నాది తాతా అంది. ఆవిడ మాట కూడా అప్పలరాజే సెప్పినాడు అన్నాను.

మా ఊళ్లో పద్ధతి అది. ఆడవాళ్లు తగువులోకి రారు. ఇంటి మగవాడు వాళ్ల తరఫున చెబుతాడు. అప్పలనరసమ్మకు మొగుడు పోయాడు. పిల్లల్లేరు. ఇంటి మగవాడంటే మరిదే. వాడు తన మాట చెప్పుకుని, మా వదిన కూడా ఇదే అంటాది అన్నాడు. అయిపోయింది.

నీలిమ నన్నే చూసింది. ఆవిడకి తగువు ఎవులితోటి తాతా అంది.

ఇంకా పద్నాలుగు నిమిషాలు ఉన్నాయి. పెన్నుకి మూత పెట్టేసింది.

మార్చి 19

గడియారం చూడటానికి వెళ్లలేదు.

మార్చి 23, మధ్యాహ్నం

మూడు రోజులు రాయలేదు. ఇది కోపం కాదు. కోపమైతే నాకు తెలుస్తుంది.

నలభై ఏళ్లలో నా తీర్పు మీద కోర్టుకి వెళ్లినవాడు లేడు. సోంపేట నుంచి కూడా నన్ను పిలిపించుకునేవారు. నా ముందు గొంతు పెంచినవాడు లేడు. ఇరవై రెండేళ్ల పిల్ల ఒక మాట అడిగింది. ఆ మాటకు జవాబు కోసం అయిదు రోజులుగా వెతుకుతున్నాను. పొలంలో వెతికాను. అన్నం ముందు కూర్చుని వెతికాను. లేదు.

ఇప్పుడు ఏ టాపిక్ ఇచ్చినా నీలిమ రెండో పేరా మొదలే పెట్టడం లేదు. అంతకుముందు కనీసం కొట్టేసేది. ఏమైందని హేమలత చేత అడిగించాను. అవతలివాళ్ల మాట నేనే కల్పించి రాస్తుంటే, నేనూ అప్పలరాజులాగే అనిపిస్తోందమ్మా అందట.

పరీక్షకు నెల ఉంది. నేనిచ్చిన తగువు వల్ల ఉన్నది కూడా పాడైంది. హేమలత నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

మార్చి 30

ముప్ఫై అయిదు నిమిషాలూ తెల్ల కాగితం ముందు కూర్చుంది. నేను గడియారం చూశాను.

ఏప్రిల్ 2, సాయంత్రం 5

అప్పలనరసమ్మ ఇంటికి వెళ్లాను.

ఆమె కాశీబుగ్గలో జీడిపిక్కల పనికి వెళుతుంది. అప్పుడే ఆటో దిగి వచ్చింది. వేళ్లు నల్లగా ఉన్నాయి. నన్ను చూసి, ఏటి బావా, దారి గాని తప్పినావేటి అంది. మంచం వాల్చింది. కూర్చున్నాను. ఆమె గుమ్మంలో కూర్చుంది.

ఎలా అడగాలో దారిలో అనుకుంటూ వెళ్లాను. తీరా నోట్లోంచి వచ్చింది వేరు. మా నీలిమ పరీచ్చకి కావాల, ఆ గట్టు సంగతిలో నీ మాటేటో సెప్పు అన్నాను.

ఆమె నవ్వింది. నిజంగానే నవ్వింది. ఏడేళ్లకి నా మాట కావల్సొచ్చినాదా బావా, అదీ పరీచ్చకి అంది. నా బూమి నాకు కూడెట్టనేదు గాని నీ మనవరాలికి మార్కులెడతాదేటి అంది.

కండువాతో ముఖం తుడుచుకున్నాను.

నవ్వు ఆపి చెప్పింది. ఆ రోజు బడి గోడ అవతల నిలబడ్డాను, పిలుత్తావని. నువ్వు సూసినావు. సూసి ఇటు తిరిగిపోనావు అంది.

మజ్జిగ ఇచ్చింది. తాగాను. గట్టు మాట మాత్రం చెప్పలేదు. పిల్ల బాగా రాయాలని నూకాలమ్మకి మొక్కుతాను, అది వేరు అంది. వచ్చేశాను.

ఏప్రిల్ 2, సాయంత్రం 6.30

చూశాను. నీలం చీర. గోడ మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఎండగా ఉంది. పిలిస్తే తగువు మధ్యాహ్నం దాటిపోతుంది అనుకున్నాను. అప్పుడు నాకు ఆకలి వేస్తోంది. అంతే, ఇంకే కారణం లేదు.

ఏప్రిల్ 3, ఉదయం 6

నీలిమతో అంతా చెప్పాను. ఆకలి సంగతి కూడా చెప్పాను. తిడుతుందేమో అనుకున్నాను. టైమర్ పెట్టు తాతా అంది. పెట్టాను.

గట్టు తగువే మళ్లీ రాసింది. ఈసారి ముందు రెండో పేరా రాసింది. మొదటి దానికి ఖాళీ వదిలి, అవతలి వాళ్లది రాసి, తర్వాత వెనక్కి వచ్చింది. మూడు నిమిషాలు ఉండగానే అయిపోయింది. నాకు తెలుగులో చదివి వినిపించింది. ఈ పక్షం మాట ఎవరూ అడగలేదు, అడిగారని చెప్పడం అబద్ధం, గోడ అవతల నిలబడిన మనిషి ఏం చెప్పడానికి వచ్చి ఉంటుందో నా చేతనైనంత రాస్తాను, తప్పుంటే ఆమే దిద్దాలి, అని మొదలైంది. చివర కన్‌క్లూజన్‌లో, వినకుండా ఇచ్చినది తీర్పు కాదు అని ఉంది.

నా ముఖం చూడకుండా చదివింది. దీనికి మార్కులేత్తారా అన్నాను. తెలీదు తాతా, గాని అయిపోనాది అంది.

ఏప్రిల్ 9

వరసగా ఆరు ఎస్సేలు టైమ్‌లో అయ్యాయి. రోజూ అవతలివాళ్లదే ముందు రాస్తోంది. ఆ మాట మొదట పెడితే తక్కినదంతా దానికి జవాబులాగా వస్తుందట.

హేమలత ఈ రోజు టీ లోపలికి తెచ్చింది.

ఏప్రిల్ 14, ఉదయం

టీ కొట్టు దగ్గర అప్పలరాజుతో చెప్పాను. గట్టు తగువు మళ్లీ కూర్చుందాం, నీ వదిన మాట వినాలి అన్నాను.

ఏటి మావా, వొంట్లో బాగున్నాదా అన్నాడు. ఏడేళ్లు పెంచినాను, ఇప్పుడు కాపుకొచ్చినాయి, ఇప్పుడేటి ఇనీది అన్నాడు. నలుగురూ విన్నారు. కొట్టువాడు గ్లాసులు కడగడం ఆపేశాడు. అప్పలరాజు నా దగ్గరకు జరిగి మెల్లగా, నీ మాట తప్పని నువ్వే అంటే ఇంకెవుడింటాడు మావా, నువ్వు సెప్పిన తగువులన్నీ రేపు తిరగదోడతారు అన్నాడు.

అది నిజమే. ఇంటికి వచ్చి లెక్కేసుకున్నాను. ఆడమనిషి ఒక పక్షంగా ఉన్న తగువులు. గుర్తున్నవి పంతొమ్మిది. ఒక్కదానిలోనూ ఆమె గొంతు నాకు గుర్తు లేదు.

ఏప్రిల్ 25

తల్లీ కూతురూ పలాసలో రైలెక్కి విశాఖ వెళ్లారు. పరీక్ష అక్కడ. స్టేషన్‌కి రావొద్దన్నారు. వెళ్లలేదు.

ఏప్రిల్ 26, మధ్యాహ్నం 2.15

ఫోన్ వచ్చింది. పూర్తయిందట. నాలుగు నిమిషాలు మిగిలితే రాసింది ఒకసారి చదువుకుందట. టాపిక్ ఏమిటో చెప్పింది, నాకు అర్థం కాలేదు. రెండో పేరా ఎలా వచ్చినాది అన్నాను. మొదట అదే రాశాను తాతా, కాగితం నిండిపోయింది అంది. వెనక హేమలత ఏదో అంటోంది. ఫ్యాక్టరీ ఆయనకి రిజల్టు వచ్చేదాకా ఆగమని చెప్పాలట.

మంచిది అన్నాను. ఇంకేదో అనాలి. ప్రకాష్ అయితే అనేవాడు. నాకు రాలేదు. ఫోన్ పెట్టేశాను.

ఏప్రిల్ 28

కబురు పంపాను. ఆదివారం, బడి వరండా. ఇద్దరికీ.

మే 3, ఉదయం 9.20, బడి వరండా

అప్పలరాజు రానన్నాడు, వచ్చాడు. ఊరంతా వచ్చింది. అప్పుడు నేను సరిగ్గా వినలేదని ముందు నేనే అన్నాను.

అప్పలనరసమ్మను లోపలికి పిలిచాను. కుర్చీ వద్దంది. నిలబడే చెబుతానంది.

ఆ వరసలో ఏడు సెట్లు నాను కడుపుతోటి ఉన్నప్పుడు ఏసినవి బావా అంది.

ఆమె ఒకప్పుడు కడుపుతో ఉందని మా మగవాళ్లెవరికీ తెలియదు. ఇంకా చెబుతోంది. వినాలి, రాయడం ఆపుతున్నాను.