కళ్లు చెక్కని వీరగల్లు

నంద్యాల
18-8-1956

ప్రియమైన ఓబులేసుకు,

నువ్వు జాబు రాయవని తెలుసు. ఉలి పట్టిన చేతికి కలం బరువంటావు. ఐదో తరగతిలోనూ నీ పలక మీద నేనే రాసేవాణ్ణి కదా.

ఈ వానల్లో మూడు ఆదివారాలు రవ్వలదిన్నెకు పోయాను. ఒకప్పుడు వజ్రాలు తవ్విన ఊరు, ఇప్పుడు నూరు గడప లేదు. పాత గని గుంతలు ఏడు, మన్ను కడిగిన రాతితొట్లు, ఆ మన్ను ఆరబోసిన బండల కళ్లం, ఊరి బయట దొర గోరీ. మొత్తం పది స్థలాలు కొలిచి పట్టిక రాశాను. ఈలోగా కంకర కాంట్రాక్టరు గుంతల గట్లు పేల్చడానికి అనుమతి అడిగాడట. పురావస్తు ఆఫీసుకు మొరపెట్టుకొంటే, కాలం తెలిపే అక్షరం ఒక్కటైనా చూపండి, అప్పుడు ఆపుతాం అన్నారు.

ఆ ఊళ్లో శివమ్మ అనే ముసలామె నా చెయ్యి పట్టుకొంది. “మా వంశంలో పెద్దాయన ఒకడు, గుంత కూలితే నలుగుర్ని బయటికి లాగి తాను మన్నులోనే పోయినాడంట సామీ. ఆయన పేరున రాయి నిలిపినారంట. నేనైతే చూల్లేదు. ఈ గుంతలు గూడా పోతే, ఆయన ఉన్న్యాడని ఎవురు నమ్ముతారు?” అంది. ఆ వీరగల్లు ఎక్కడైనా నీ కంటపడిందా? రాళ్ల కోసం ఆ దోవన బండి తోలేది నువ్వే.

మా బడిలో నీ సరస్వతి చల్లగా ఉంది. రెండేళ్ల కిందట నువ్వు కానుకగా ఇచ్చినప్పటినుంచి పూలు పెట్టేది నేనే. విగ్రహాన్ని గోడకు ఆనించి సిమెంటు పూసేదాకా నువ్వు తాపీ మేస్త్రీని కదలనివ్వలేదు చూడు, దాన్ని తలచుకొని ఇప్పటికీ నవ్వుకొంటాం.

నీ జగన్నాథం

ఆళ్లగడ్డ
2-11-1956

ప్రియమైన జగన్నాథానికి,

నువ్వడిగిన రాయి ఉంది. నాలుగో గుంతలో తుమ్మచెట్టు కింద, సగం మన్నులో. గునపం పట్టిన మనిషి, కింద మూడు వరసల పాతకాలపు అక్షరాలు. నేను చదవలేను.

నేను చూశానని ఎవరికీ చెప్పొద్దు. రాతిపనివాడు రాయి దొరికిందంటే అనుమానిస్తారు. నీకే కనపడినట్టు రాసుకో. బడిలో దేవికి పూలు చాలు, నీళ్లు పోయించొద్దు.

ఓబులేసు

నంద్యాల
20-1-1957

ప్రాణంతో సమానమైన ఓబులేసుకు,

నీ నోట్లో చక్కెర పొయ్యాలి. అక్షరాలు పాతవే, నేనే కూడబలుక్కొని చదివాను: ‘గని విరిగిపడగా నలుగురిని తీసి తాను పోయిన బొల్లయ’. శివమ్మకు వినిపిస్తే కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. రాతి మీద ఆయన కళ్లు మాత్రం వానలకు అరిగిపోయాయి పాపం. అదీ పట్టికలో రాశాను, పదకొండో స్థలంగా, నువ్వన్నట్టు నా పేరుతోనే. మార్చిలో ఆఫీసరు స్వయంగా వస్తాడు. కాంట్రాక్టరును అందాకా ఆగమన్నారు.

పాత ఊళ్ల వెంట ఆరేళ్ల నా తిరుగుడుకు నువ్వు ఫలం చూపించావు. నీకెట్లా రుణం తీర్చుకోవాలో తెలియడం లేదు.

నీ జగన్నాథం

నంద్యాల
30-3-1957

ఓబులేసుకు,

ప్రియమైన అని రాయబోయి కొట్టేశాను.

ఆఫీసరు భూతద్దం పెట్టి పది నిమిషాలు చూశాడు. “మాస్టారూ, ఈ కళ్లు అరిగినవి కావు, అసలు చెక్కనే లేదు. పక్కనే మీసం గీత చెదరలేదు, కళ్లొక్కటే వానకు పోతాయా? అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి, ఉలి గాట్లే కొత్తవి” అన్నాడు. ఊరంతా చూస్తుండగా, “ఎవరి చేత చెక్కించారు?” అని అడిగాడు. నీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

విగ్రహమంతా చెక్కాక కళ్లు చివర తెరవడం మీ ఇంటి అరుగు మీదే చూశాను నేను. ఎందుకు చేశావో నాకు అర్థం కాలేదు. ఒక్కటి దొంగదైతే మిగతా పదీ నమ్మలేమని పట్టిక మొత్తం పక్కన పెట్టేశారు. నిన్న మందు పెట్టి నాలుగో గుంత గట్టు పేల్చారు. శివమ్మ నన్ను చూసి తల తిప్పుకొని పోయింది.

నమ్మించి గొంతు కోశావు.

జగన్నాథం

ఆళ్లగడ్డ
9-6-1957

జగన్నాథానికి,

రెండు నెలలు కలం పట్టలేదు. ఇప్పుడైనా రాయకపోతే మనిషిని కాను.

చెక్కింది నేనే. కానీ లేనిదాన్ని పుట్టించలేదు. మీ బడికి దేవిని విజయదశమికల్లా ఇస్తానని నీకు మాటిచ్చాను గుర్తుందా? ఆ ఏడాది వానలకు రాతిగని నీళ్లతో నిండింది, మంచి రాయి దొరకలేదు. నాలుగో గుంతలో ఒక పలక బోర్లా పడి ఉంది. వీపు నున్నగా ఉంటే బండికెత్తుకొచ్చాను. ఇంటి ముందు తిప్పి చూస్తే మనిషి, అక్షరాలు. మా నాయన చూసి, “చచ్చినోని రాయి దేవునికి పనికిరాదు. యాడ తెచ్చినావో ఆడనే పెట్టిరా పో” అన్నాడు. నీకిచ్చిన మాట పోతుందని వినలేదు. అక్షరాలు ముచ్చటగా ఉంటే కాగితం పరిచి బొగ్గుతో అచ్చు తీసుకొన్నాను. తర్వాత వీపున దేవిని చెక్కాను. సిమెంటు పూసేదాకా ఎందుకు నిలబడ్డానో ఇప్పుడు తెలిసింది కదా.

నువ్వు వీరగల్లు అడిగినప్పుడు నిజం చెబితే నాకు గుడి పని ఎవరిస్తారు? తీసుకొన్నచోట అట్లాంటిదే పెడితే సరిపోతుందనుకొన్నాను. బొగ్గు అచ్చు చూసి అక్షరాలు దించాను, బురద పూశాను. కళ్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. దొంగరాతికి కళ్లు తెరిస్తే అది నన్నే చూస్తుంది.

గోడ పగలగొట్టి చూసుకో. నన్నేం చేసినా నీ ఇష్టం.

ఓబులేసు

నంద్యాల
1-7-1957

ఓబులేసుకు,

నీ జాబు వచ్చిన మూడో రోజు సిమెంటు చెక్కించాను. శివమ్మను బండి కట్టించి పిలిపించాను. రాతిని ఇవతలికి తిప్పాం. గునపం పట్టిన మనిషి, మూడు వరసల అక్షరాలు. కళ్లు తెరిచే ఉన్నాయి. మూడేళ్లుగా గోడను చూస్తున్నాడు.

శివమ్మ ఆ ముఖాన్ని చేత్తో తడిమింది. “ఈడుండావా నాయనా. ఆడ నీ గుంత ల్యాకపాయె” అంది. నేను బయటికి వచ్చేశాను. అక్షరం చూపించు తల్లీ అని రోజూ ఆ దేవికే మొక్కుకొన్నాను. అక్షరం ఆమె వీపునే ఉంది. పూలు పెడుతున్న నన్ను చూసి నువ్వు ఒక్కసారైనా నోరు విప్పి ఉంటే ఏడు గుంతలూ మిగిలేవి. ఇప్పుడు దొర గోరీ కూడా కంకరైపోయింది.

కొత్త పట్టిక రాసి పంపాను. పది స్థలాలకు ఎదురుగా ‘లేదు’ అని రాశాను. పదకొండోది ఉంది. ఉన్న చోటు, మా బడి. తరలించిన మనిషి అన్నచోట ఈసారి నీ పేరు మింగలేదు. రాయకపోతే నేనూ సిమెంటు పూసినవాణ్ణే అవుతాను. నీకు గుడి పని పోవచ్చు. తెలిసే రాశాను. క్షమించానని మాత్రం రాయలేను.

రాతిని గోడకు ఎడంగా, రెండు ముఖాలూ కనపడేటట్టు నిలబెట్టాలి. శివమ్మవాళ్లు అటునుంచి, పిల్లలు ఇటునుంచి దండం పెట్టుకొంటారు. బీట పడకుండా ఆ పని చేసే చెయ్యి ఈ చుట్టుపక్కల నీదొక్కటే. పని ఉన్న రోజు కబురు పంపుతాను. వచ్చి నిలబెట్టి పో. నాతో మాట్లాడొద్దు.

జగన్నాథం